ధ్రువ సముద్రపు చీకట్లో చూపు



ప్రత్తిపాడు, పెదనందిపాడు, కాకుమాను చుట్టుపక్కల పత్తి పండించే రైతుకు దీపపు ఎర కొత్తేమీ కాదు. చేలో కర్ర పాతి దీపం వేలాడదీసి, కింద నీళ్ళ పళ్ళెంలో కాస్త కిరోసిన్ కలిపి పెడితే, తెల్లారేసరికి తల్లి పురుగులు అందులో పడి ఉంటాయి. శనగపచ్చ పురుగైనా, పొగాకు లద్దె పురుగైనా, వాటి తల్లులు తిరిగేది రాత్రిపూటే. ఎరలో ఎన్ని పడతాయన్నది చంద్రుణ్ణి బట్టి మారుతుంది. వెన్నెల నిండుగా కాసే రాత్రుల్లో తక్కువ పడతాయి, చీకటి రాత్రుల్లో ఎక్కువ. అమావాస్య దగ్గరపడుతుంటే ఆకులు తిప్పి గుడ్లున్నాయేమో చూసుకోమని పెద్దవాళ్ళు చెబుతుంటారు.

చీకట్లో పూత ఎక్కడుందో, ఆకు ఎక్కడుందో ఆ రెక్కల పురుగు కనిపెట్టగలుగుతోందంటే దాని కన్ను మామూలు కన్ను కాదు. సరిగ్గా ఆ కట్టుబడే ఉన్న కన్ను ఇంకొక జీవికీ ఉంది. అది భూమి రెండు కొసల్లోనూ, నెలల తరబడి సూర్యుడు పైకి రాని సముద్రాల్లో బతుకుతుంది. పేరు క్రిల్. చూడ్డానికి మన చిన్న రొయ్యలాగే ఉంటుంది. ఈ పూట ఆ కంటి గురించి మాట్లాడదామని వచ్చాను.

ఇంటర్మీడియట్‌లో బొద్దింక పాఠం చదివిన పిల్లలకు సంయుక్త నేత్రం అన్న మాట గుర్తుండే ఉంటుంది. మన కంటికి ముందు ఒక కటకం, వెనక ఒక తెర. పురుగులకూ, రొయ్యలకూ, పీతలకూ అలా ఉండదు. వాటి కంటి నిండా నేత్రాంశాలనే సన్నటి గొట్టాలు, వందల్లోనో వేలల్లోనో పక్కపక్కనే నిలబడి ఉంటాయి. ఒక్కోదానికి పైన ఒక చిన్న గాజు పలక, దాని కింద స్ఫటిక శంకువు, అడుగున వెలుగును పట్టుకునే కడ్డీ. ఆ కడ్డీనే రాబ్డోమ్ అంటారు.

పగలు తిరిగే తేనెటీగ కంటిలో ప్రతి గొట్టం చుట్టూ నల్లటి వర్ణకం గోడ కట్టి ఉంటుంది. ఒక పలక మీద పడిన వెలుగు దాని అడుగునున్న కడ్డీకే చేరుతుంది, పక్కదానికి పోదు. ఎండలో ఈ ఏర్పాటు బాగానే సాగుతుంది. రాత్రయ్యేసరికి ఇబ్బంది వస్తుంది. ఆ పలక వెడల్పు మిల్లీమీటరులో సుమారు 40వ వంతు. చుక్కల వెలుగులో అంత చిన్న సందులోంచి లోపలికి వచ్చే కాంతి లెక్కలోకే రాదు. అందుకే చాలా రకాల తేనెటీగలు పొద్దుగూకేసరికి గూడు చేరతాయి.

రాత్రి తిరిగే రెక్కల పురుగు కంటిలో ఆ గోడ తీసేసి ఉంటుంది. శంకువులకూ కడ్డీలకూ మధ్య ఖాళీ జాగా ఒకటి, పారదర్శకంగా ఉంటుంది. ఒకే దిక్కు నుంచి వచ్చిన వెలుగు వందల పలకల మీద పడి, ఒక్కో శంకువులోనూ తగినంత వంగి, ఆ ఖాళీ జాగా దాటి ఒకే కడ్డీ దగ్గర కలుసుకుంటుంది. పెంకుటింటి కప్పు అంతా పడిన వానను చూరు కింద ఒకే తొట్టిలోకి మళ్ళించుకున్నట్టు, కంటి మీద పడిన వెలుగునంతా ఒకచోటికి తెచ్చుకోవడమన్న మాట. దీన్ని సూపర్‌పొజిషన్ కన్ను అంటారు. అంతే పరిమాణంలో ఉన్న పగటి కంటికంటే ఇది పదుల రెట్ల నుంచి వందల రెట్ల దాకా ఎక్కువ వెలుగును కడ్డీకి అందిస్తుంది. పగలయ్యేసరికి వర్ణకం కిందికి జారి ఆ ఖాళీ జాగాను కమ్మేస్తుంది, చీకటి పడగానే మళ్ళీ పైకి లేస్తుంది. రాత్రి చేనుకు నీళ్ళు పెట్టడానికి వెళ్ళినవాళ్ళ టార్చి వెలుగులో పురుగు కళ్ళు నిప్పు రవ్వల్లా కనిపించేది ఆ ఖాళీ జాగా తెరిచి ఉండటం వల్లనే. లోపలికి పోయిన వెలుగు అడుగున తగిలి అదే దారిన వెనక్కి వస్తుంది.

ఈ కట్టుబడిని మొదట కనిపెట్టింది వియన్నా నగరంలోని జిగ్మంట్ ఎక్స్‌నర్ అనే శరీరధర్మ శాస్త్రవేత్త. ఆయనకు సాయపడింది మిణుగురు పురుగు. దాని కంటిని కోసి, లోపలి మెత్తటి పొరలన్నీ శుభ్రం చేసి, ఉత్త గాజు భాగాన్ని సూక్ష్మదర్శిని కింద పెట్టి అందులోంచి బయటికి చూశారు. ఎదురుగా ఉన్న కిటికీ, దాని మీద అంటించిన ఆర్ అనే అక్షరం, అవతల ఉన్న చర్చి కనిపించాయి. ఫొటో కూడా తీశారు. మన కంటి తెర మీద బొమ్మ తలకిందులుగా పడుతుంది. మిణుగురు కంటిలో బొమ్మ నిటారుగా పడింది. మామూలు కటకం అలా చేయలేదు. కాబట్టి ఆ శంకువు లోపలి పదార్థం అంతటా ఒకే తీరుగా ఉండదనీ, నడిమధ్యన చిక్కగా, అంచులకు పోయేకొద్దీ పలచగా ఉంటుందనీ, అందుకే వెలుగు అందులో మెల్లగా వంగుతూ పోతుందనీ ఎక్స్‌నర్ లెక్కగట్టారు. 1891లో పుస్తకం వేశారు. ఆ పలుచనను కొలిచే పరికరాలు ఆనాటికి లేవు. తర్వాత ఎంతోమంది ఆయన్ను నమ్మలేదు. కొలతలు చేతికి వచ్చాక, 1970లలో, ఆయన చెప్పిందే ఖాయమైంది. దాదాపు 80 ఏళ్ళు పట్టింది. కళ్ళ గురించి పరిశోధించినవాళ్ళలో ఆయనంటే నాకు ప్రత్యేకమైన గౌరవం.

ఇక క్రిల్ దగ్గరికి వద్దాం. అంటార్కిటికా చుట్టూ ఉండే క్రిల్ పెద్దదైతే 6 సెంటీమీటర్లు, బరువు 2 గ్రాములు. ఆయుష్షు 5, 6 ఏళ్ళు. తిమింగలాలు, సీళ్ళు, పెంగ్విన్లు బతికేది దీన్ని తినే. మన దేశం కూడా దీన్ని వెతుక్కుంటూ వెళ్ళింది. 1995-96లో సాగర్ సంపద అనే పరిశోధక నౌక క్రిల్ కోసం దక్షిణ సముద్రానికి ప్రయాణం కట్టింది. ప్రపంచంలో కొన్ని రొయ్యల మేతల్లో క్రిల్ పొడి కలుపుతారు, కాబట్టి రొయ్యల సాగు చేసేవాళ్ళలో కొందరు ఈ పేరు వినే ఉంటారు.

క్రిల్ తల చూస్తే రెండు నల్లటి గుండ్రటి కళ్ళే ముందు కనిపిస్తాయి. లోపల పైన చెప్పిన కట్టుబడే, శంకువులు, ఖాళీ జాగా, కడ్డీలు. పత్తి పురుగుకూ క్రిల్‌కూ దగ్గర చుట్టరికం లేదు. చీకటి అనే ఒకే అవసరం మీద రెండు వేర్వేరు వంశాలు వేర్వేరు దారుల్లో నడిచి ఒకే ఏర్పాటు దగ్గరికి వచ్చాయి. క్రిల్ కంటి కడ్డీల్లో వెలుగును పట్టే వర్ణకం నీలం, ఆకుపచ్చ కలిసే రంగును బాగా పట్టుకుంటుంది. తేట సముద్రంలో లోతుకు దిగగలిగేది ఆ రంగే. క్రిల్ తన ఒంటి నుంచి వెలుగు కూడా విడుస్తుంది. అలా వెలిగే అవయవాలు దానికి 10 ఉన్నాయి. కంటి కాడకు ఒక్కొక్కటి, రొమ్ము కాళ్ళ మొదళ్ళలో రెండు జతలు, పొట్ట కింద వరసగా 4. కింది నుంచి చూసే చేపకు పై వెలుగులో క్రిల్ నీడ నల్లగా కనబడకుండా, ఆ నీడను ఈ వెలుగు చెరిపేస్తుంది. ఎంత వెలుగు విడవాలో తెలియాలంటే పైనుంచి ఎంత వస్తోందో కొలవాలి. ఆ కొలిచే పని కన్ను చేస్తుంది.

ధ్రువాల దగ్గర చీకటి అంటే ఎంత? ఉత్తర ధ్రువానికి సుమారు 1,200 కిలోమీటర్ల దూరంలో, నార్వే దేశపు స్వాల్‌బార్డ్ దీవుల్లో నీ ఆలెసున్ అనే చిన్న ఊరుంది. అక్కడ మన దేశపు హిమాద్రి పరిశోధన కేంద్రం 2008 జులైలో మొదలైంది. ఊరి పక్కనున్న కాంగ్స్‌ఫ్యోర్డ్ అనే సముద్రపు పాయలో, 2014లో, ఇండార్క్ అనే పరికరాల వరసను గోవా, చెన్నై సంస్థల శాస్త్రవేత్తలు 192 మీటర్ల లోతున దింపారు. చలికాలంలో కూడా హిమాద్రిలో మనవాళ్ళు ఉండటం 2023 డిసెంబరులో మొదలైంది. అక్కడ అక్టోబరు చివర దిగిన సూర్యుడు ఫిబ్రవరి నడిమికి గానీ మళ్ళీ పైకి రాడు. మిరప నారు నాటి, మొదటి కోత కోసి, కల్లాల్లో ఎండబెట్టేదాకా ఇక్కడ గడిచే కాలమంతా అక్కడ రాత్రే.

ఆ కాలంలో సముద్రంలో ప్రాణులన్నీ నిద్రలో ఉంటాయని చాలాకాలం అనుకున్నారు. వెలుగు లేదు, నాచు పెరగదు, తిండి లేదు, కాబట్టి కదలిక ఉండదని. సరిగ్గా ఆ కాంగ్స్‌ఫ్యోర్డ్‌లోనే జోనథన్ కోహెన్, ఆయన సహచరులు క్రిల్‌ను పట్టి, దాని కంటికి సన్నటి విద్యుత్ తీగ తగిలించి, ఎంత మసక వెలుగుకు ఆ కన్ను స్పందిస్తుందో కొలిచారు. ఫలితాలు 2015లో వచ్చాయి. నడి చలికాలంలో, మధ్యాహ్నం పూట, దిగంతం కింద ఎక్కడో ఉన్న సూర్యుడి ఆనవాలు మాత్రమే ఆకాశానికి అందే వేళ, మన కంటికి అంతా కటిక చీకటిగానే ఉంటుంది. ఆ వెలుగును క్రిల్ కన్ను 20, 30 మీటర్ల లోతు నుంచి గుర్తుపడుతుంది. అదే బృందం 2021లో ఇంకొక సంగతి బయటపెట్టింది. ఆ మధ్యాహ్నపు మసక ఆనవాలును ఆసరా చేసుకుని క్రిల్ కన్ను తన గడియారాన్ని సరిచేసుకుంటోంది. పగలనేదే లేని రోజుల్లో కూడా ఆ కంటి చురుకు 24 గంటల లెక్కన పెరుగుతూ తగ్గుతూ ఉంటుంది.

చంద్రుడి మాటకొస్తే, కిమ్ లాస్ట్ అనే స్కాట్లాండ్ శాస్త్రవేత్త బృందం 2016లో ఆర్కిటిక్ అంతటా ఏళ్ళ తరబడి పోగైన, నీళ్ళలో చిన్న ప్రాణుల కదలికను పట్టే శబ్ద తరంగాల కొలతలను కలిపి చూసింది. మామూలు రోజుల్లో ఈ చిన్న ప్రాణులు పగలు లోతుకు దిగి, రాత్రి పైకి వస్తాయి. ధ్రువ రాత్రిలో సూర్యుడి లెక్క వదిలేసి చంద్రుడి లెక్క పట్టుకుంటాయి. 24 గంటల బదులు చంద్రోదయానికి తగ్గట్టు 24.8 గంటల వంతున కిందికీ పైకీ తిరుగుతాయి. పున్నమి రోజుల్లో 50 మీటర్ల లోతుకు దిగి దాక్కుంటాయి. వెన్నెల్లో పైన ఉంటే వేటాడే చేప కంట పడతాయి కనక. వెన్నెలను బట్టి తిరుగుడు మార్చుకోవడం పత్తి చేలోనూ ఉంది, మంచు సముద్రంలోనూ ఉంది.

చలి కూడా ఈ కంటికి ఒక విధంగా మేలే చేస్తుంది. కంటి వర్ణకం అణువులు వేడికి, వెలుగు తగలకపోయినా, అప్పుడప్పుడూ వాటంతటవే అదురుతాయి. మెదడుకు అది దొంగ సంకేతం. నీరు సున్నా డిగ్రీల దగ్గర ఉంటే ఆ అదురు బాగా తగ్గుతుంది, కాబట్టి వచ్చిన ఒకటి రెండు కాంతి కణాలను నమ్మవచ్చు. దానికి తోడు చలికి కడ్డీలు నెమ్మదిగా స్పందిస్తాయి. అలా ఆలస్యం చేయడంలో ఎక్కువసేపటి వెలుగును కూడబెట్టుకుంటాయి. అందుకు చెల్లించే ధరా ఉంది. వేగంగా కదిలేది ఏదైనా అలాంటి కంటికి మసకబారిపోతుంది. వెలుగు కావాలంటే వేగాన్ని వదులుకోవాలి.

మన రొయ్య గురించి చెప్పకుండా ముందుకు పోతే బాపట్ల, చీరాల వైపు శ్రోతలు ఒప్పుకోరు. రాత్రి చెరువు గట్టు మీద టార్చి వేస్తే నీళ్ళలో ఎర్రగా మెరిసే కళ్ళ జతలు వాళ్ళందరికీ తెలుసు. రొయ్య కన్ను కూడా వెలుగును ఒకచోటికి తెచ్చుకునే కన్నే, కానీ దారి వేరు. అందులో కాంతిని వంచే శంకువులకు బదులు అద్దాలున్నాయి. భూతద్దం పెట్టి చూస్తే పురుగు కంటి పలకలు ఆరు మూలలుగా కనబడతాయి, రొయ్యవి నాలుగు మూలల చదరాలు. ప్రతి చదరం కింద నాలుగు గోడలూ అద్దాలే, ఒకదానికొకటి లంబంగా నిలబడి ఉంటాయి. వెలుగు ఆ గోడలకు తగిలి మళ్ళి కడ్డీకి చేరుతుంది. 1975లో క్లాస్ ఫోక్ట్ అనే జర్మన్ పరిశోధకుడు మంచినీటి క్రేఫిష్‌లో దీన్ని కనిపెట్టారు, మరుసటి ఏడాది మైకేల్ ల్యాండ్ అనే బ్రిటిష్ శాస్త్రవేత్త రొయ్యల్లో చూపించారు. ఆ అద్దాలు ఐసోజాంతోప్టెరిన్ అనే పదార్థపు స్ఫటికాలతో చేసినవని తేలింది 2018లో. హేచరీలో జోయియా దశలో ఉన్న పిల్లకు ఈ అద్దాలుండవు. రొయ్య జాతుల్లో పిల్ల కన్ను ఆరు మూలల పలకలతో, పగటి కన్నుగా మొదలవుతుంది. ఎదిగి రూపం మారేటప్పుడు ఆ ఆరు మూలలు నాలుగవుతాయి, అద్దాలు వస్తాయి. ఇదే కట్టుబడితో ఎక్స్ కిరణాల దూరదర్శిని చేయవచ్చని రోజర్ ఏంజెల్ 1979లో ప్రతిపాదించారు. 2024 జనవరి 9న చైనా ప్రయోగించిన ఐన్‌స్టీన్ ప్రోబ్ ఉపగ్రహంలో ఆ రకం దూరదర్శినే ఉంది.

రొయ్య కంటి కాడలో చూపుతో పాటు ఇంకో పని కూడా జరుగుతుంది. గుడ్లు ముదరకుండా ఆపే హార్మోను తయారయ్యేది అక్కడే. అందుకని హేచరీల్లో తల్లి రొయ్యకు ఒక కంటి కాడ తీసేసి త్వరగా గుడ్లకు వచ్చేటట్టు చేయడం ఏళ్ళుగా ఉన్న పద్ధతి. ఆ పని లేకుండా గుడ్లకు తెచ్చే మార్గాల మీద ఇప్పుడు ప్రయత్నాలు సాగుతున్నాయి. అవి త్వరగా ఫలించాలని మనసారా కోరుకుంటాను. ఇంత కష్టపడి కట్టుకున్న కన్ను అది.

ఇంకా లోతు చీకటి ఒకటుంది. అంటార్కిటికాలో రాస్ మంచు పలక, సముద్రం మీద తేలే మంచు పీఠం. 1977 డిసెంబరులో అక్కడ జె-9 అనే చోట 420 మీటర్ల మందం మంచుకు మంటతో రంధ్రం చేశారు. బయటి సముద్రపు అంచు అక్కడికి 400 కిలోమీటర్లకు పైన. రంధ్రంలోంచి ఎర పెట్టిన బోనులు దింపితే చిన్న చిన్న ఆంఫిపాడ్‌లు, అంటే రొయ్యల దూరపు బంధువులు, గుంపులుగా పడ్డాయి. ఎండ ఎన్నడూ చేరని చోట బతికే వాటికి కళ్ళున్నాయి. బెన్నో మేయర్-రోఖో అనే పరిశోధకుడు ఆ కళ్ళను పలచగా కోసి, ఎలక్ట్రాన్ సూక్ష్మదర్శినిలో చూసి, 1981లో వివరంగా రాశారు. సూర్యుడి వెలుగు అందని నీళ్ళలో మిగిలేది ప్రాణులు తమ ఒంటి నుంచి విడిచే వెలుగే. ఆర్కిటిక్ ధ్రువ రాత్రిలో కూడా 20 నుంచి 40 మీటర్లు దాటి కిందికి పోతే ఆకాశపు వెలుగు కంటే ప్రాణుల వెలుగుదే పైచేయి అని 2016లో కొలిచి చూశారు. అంటార్కిటికా సముద్రపు అడుగున తిరిగే గ్లిప్టోనోటస్ అనే ఇంకో జీవి ఉంది, జానెడు దాకా పెరుగుతుంది. దానికి రెండు జతల కళ్ళు, ఒక జత పైకి చూస్తుంది, ఒక జత కిందికి.

ఇలాంటి కంటికి వెలుగే ప్రమాదం. ఫిన్లాండ్‌లో పాయార్వి అనే సరస్సు ఉంది, నీళ్ళు తేనీటి రంగులో ఉంటాయి, లోతున కటిక చీకటి. మంచు యుగం ముగిశాక, సుమారు 9 వేల ఏళ్ళుగా, అక్కడ చిక్కుబడిపోయిన మైసిస్ అనే చిన్న రొయ్యలున్నాయి. వాటి కంటి వర్ణకం ఆ నీళ్ళకు తగ్గట్టు ఎరుపు వైపు జరిగింది. వాటిని పైకి తెచ్చి పగటి వెలుగు చూపిస్తే కడ్డీల పొరలు చితికి కన్ను పాడవుతుంది. వాటి దాయాదులే దగ్గర్లోని సముద్రపు పాయలో ఉన్నాయి, అవి అంత తేలిగ్గా దెబ్బతినవు. నార్వే లాబ్‌స్టర్‌ను లోతు నుంచి పగటిపూట పైకి లాగినా కంటికి ఇదే గతి పడుతుందని ఎన్నో ఏళ్ళ కిందటే తేలింది.

ఆర్కిటిక్‌లో మంచు తరిగిపోతోంది. మంచు కప్పున్న చోట నీళ్ళలోకి వెలుగు పోయేది కాదు, ఇప్పుడు పోతోంది. మంచు లేని చోటికి ఓడలు వస్తున్నాయి, ఓడలతో దీపాలు వస్తున్నాయి. యోర్గెన్ బెర్గె నాయకత్వంలోని బృందం 2020లో ధ్రువ రాత్రి మధ్యన ఓడ దీపాలను ఆర్పుతూ వెలిగిస్తూ కింద ప్రాణుల కదలికను కొలిచింది. దీపం వెలిగిన క్షణాల్లోనే కలవరం మొదలైంది. 200 మీటర్ల లోతు దాకా ఆ కలవరం కనిపించింది. మామూలుగా పని చేసే ఓడ మీద ఉండే దీపాలే అవి, ప్రత్యేకంగా తెచ్చినవేమీ కావు.

ఇన్నేళ్ళుగా ధ్రువ రాత్రిలో సముద్రంలో ఎన్ని చేపలున్నాయి, ఎంత క్రిల్ ఉంది అని లెక్క తీసింది అలా దీపాలు వెలిగించుకున్న ఓడల మీద నుంచే. లెక్కించే వేళకు ప్రాణులు అక్కడి నుంచి తొలగిపోయి ఉంటే ఆ లెక్క ఎంతవరకు నిలుస్తుంది? ఎవరు ఎంత వేటాడవచ్చో నిర్ణయించేటప్పుడు ఇలాంటి లెక్కలే ఆధారం. అందుకే ఇప్పుడు కాంగ్స్‌ఫ్యోర్డ్‌లో మనిషీ దీపమూ లేని చిన్న పడవలకు శబ్ద తరంగాల పరికరాలు అమర్చి, ఓడను దూరంగా ఉంచి, ఆ చీకటి నీళ్ళ మీదికి పంపి మళ్ళీ కొలుస్తున్నారు.